రాష్ట్రపతి పాఠానికి తొమ్మిది గంటలు, పరిమితులకు ఇరవై నిమిషాలు: ఒక పాలిటీ కోర్సుపై సమీక్ష

మా తమ్ముడి కూతురు గ్రూప్-2 పరీక్షకు చదువుతోంది. హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థ మొబైల్ యాప్‌లో అమ్ముతున్న పాలిటీ (రాజ్యాంగం, పాలనా వ్యవస్థ) కోర్సును ఈ సంక్రాంతి తగ్గింపులో 4,200 రూపాయలకు తీసుకున్నాం. ఏడాది గడువు, మూడు స్పైరల్ బైండింగ్ పుస్తకాలు, ప్రతి అధ్యాయం చివర వంద బిట్లు, సందేహాలకు ఒక టెలిగ్రామ్ గ్రూపు ఇస్తారు. కోర్సు మొత్తాన్ని నేను చూడలేదు. ఇంటర్ విద్యార్థులకు ఇరవై ఎనిమిదేళ్లు పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, చెప్పేవారికి రాజ్యాంగం ఎంతవరకు ఒంటబట్టిందో రాష్ట్రపతి అధ్యాయం దగ్గర తెలిసిపోతుందని నా నమ్మకం. అందుకే ఆ అధ్యాయానికి సంబంధించిన పదకొండు వీడియోలనూ అమ్మాయితో పాటు కూర్చుని చివరిదాకా చూశాను. ఈ సమీక్ష ఆ అధ్యాయం గురించే.

ముందు మెచ్చుకోవలసినది చెబుతాను. ఎన్నిక విధానం మీద ఉన్న మొదటి రెండు వీడియోలు చాలా బాగున్నాయి. సాధారణంగా కోచింగ్ తరగతుల్లో సూత్రాన్ని బోర్డు మీద రాసేసి ముందుకు వెళ్లిపోతారు. ఈ అధ్యాపకుడు మాత్రం 1971 జనాభా లెక్కలను పక్కన పెట్టుకుని మన రెండు రాష్ట్రాల శాసనసభ్యుల ఓటు విలువను అంకె అంకెగా భాగించి చూపించారు. ఆంధ్రప్రదేశ్ భాగానికి వచ్చే జనాభా 2,78,00,586. దాన్ని 175 మందితో, ఆపైన వెయ్యితో భాగిస్తే 158.86 వస్తుంది, కనుక ఒక్కొక్కరి ఓటు విలువ 159. తెలంగాణకు 1,57,02,122ను 119తో అలాగే భాగిస్తే 132. విభజనకు ముందు 294 మంది ఉన్నప్పుడు ఆ విలువ 148 ఉండేది. ఆయన ఇక్కడితో ఆపారు కానీ, నేను కాగితం తీసుకుని ఇంకో అడుగు వేశాను. ఉమ్మడి రాష్ట్రానికి మొత్తం 43,512 ఓట్లు, రెండు రాష్ట్రాలయ్యాక 27,825, 15,708 కలిపి 43,533. భిన్నాలను పై అంకెకు సవరించడం వల్ల విభజనతో తెలుగువారికి ఇరవై ఒక్క ఓట్లు కలిసొచ్చాయన్న మాట! దీన్ని ఏ పరీక్షలోనూ అడగరు. కానీ ఇలాంటి లెక్క ఒక్కసారి చేతితో చేసిన విద్యార్థి ఆ సూత్రాన్ని ఇక మరచిపోడు.

పార్లమెంటు సభ్యుల ఓటు విలువ 708 నుంచి 2022లో 700కు ఎందుకు తగ్గిందో కూడా ఆయన చక్కగా వివరించారు. జమ్మూ కాశ్మీర్‌లో ఆనాటికి శాసనసభ లేదు, దాని ఓట్లు శాసనసభ్యుల ఓట్ల మొత్తంలో కలవలేదు, ఎంపీల సంఖ్యతో భాగించేది ఆ మొత్తాన్నే. 1969 ఎన్నికను చెప్పిన తీరు మరీ బాగుంది. పోటీలో మొదటి ఇద్దరూ తెలుగువారే కావడం, మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగానికి మించి రాకపోవడం, మిగతా అభ్యర్థుల ఓట్లను బదిలీ చేయగా వి.వి. గిరికి 4,20,077, నీలం సంజీవరెడ్డికి 4,05,427 రావడం చూపించి, ఏక ఓటు బదిలీ పద్ధతి అంటే ఏమిటో పదిహేను నిమిషాల్లో అర్థమయ్యేలా చేశారు.

చిక్కు మూడో వీడియో నుంచి మొదలైంది. అక్కడి నుంచి అధికారాల వర్గీకరణ. కార్యనిర్వాహక, శాసన, ఆర్థిక, న్యాయ, సైనిక, దౌత్య, అత్యవసర అధికారాలంటూ ఏడు గడులు గీసి, ఒక్కో గడిలో అంశాలను నింపుకుంటూ పోయారు. ప్రధానిని నియమిస్తారు, గవర్నర్లను నియమిస్తారు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులను నియమిస్తారు, త్రివిధ దళాలకు సర్వసేనాని, యుద్ధం ప్రకటిస్తారు, లోక్‌సభను రద్దు చేస్తారు, క్షమాభిక్ష పెడతారు, ఆర్డినెన్సు జారీ చేస్తారు. ఈ జాబితా అయిదు వీడియోలు, నాలుగు గంటలు నడిచింది. ఎనిమిదో వీడియో పేరు ‘పరిమితులు’, దాని నిడివి ఇరవై నిమిషాలు. నాలుగు గంటల్లో కట్టిన కోటను ఇరవై నిమిషాల్లో ‘ఇవన్నీ మంత్రిమండలి సలహా మేరకే’ అని ఒక్క మాటతో కూల్చేస్తే విద్యార్థి తలలో ఏం మిగులుతుంది?

ఏం మిగిలిందో మా అమ్మాయే చెప్పింది. ఎనిమిదో వీడియో ఆపేసి, “పెదనాన్నా, అన్నీ ఆవిడ పేరు మీదే జరుగుతాయి, ఏదీ ఆవిడ చేయరు అంటున్నారు. మరి పరీక్షలో అధికారం ఉందని రాయాలా, లేదని రాయాలా?” అని అడిగింది. ఈ ప్రశ్న పుట్టించినందుకు కోర్సును తప్పుపట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు, ఎందుకంటే మంచి ప్రశ్నే. జవాబు మాత్రం కోర్సులో ఆ సమయానికి లేదు.

ఆ ఆదివారం ఆమెను బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి తీసుకువెళ్లాను. 2023 నుంచి దాన్ని ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంచుతున్నారు. అక్కడ వంటశాల నుంచి భోజనశాలకు నేల కింద ఒక సొరంగం ఉంది, గోడల మీద చేర్యాల చిత్రాలు వేశారు. వంట ఒకచోట, వడ్డన మరొకచోట, మధ్యలో బయటివారికి కనపడని దారి. సొరంగంలో నడుస్తుండగా 53, 74 అధికరణలను అమ్మాయికి మళ్లీ చెప్పాను. కేంద్ర కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతిదేనని 53 అంటుంది, దాన్ని రాజ్యాంగం ప్రకారమే వినియోగించాలని అదే వాక్యంలో షరతు పెడుతుంది. సలహా ఇచ్చే మంత్రిమండలి ఉండాలని 74 అంటుంది. ఆ సలహాకు కట్టుబడాలన్న మాట మొదట్లో స్పష్టంగా లేదు, 1976లో 42వ సవరణ చేర్చింది. వచ్చిన సలహాను ఒక్కసారి వెనక్కి పంపి పునఃపరిశీలించమని అడగవచ్చునని 1978లో 44వ సవరణ చేర్చింది. పళ్లెం ఒకసారి వంటశాలకు తిప్పి పంపవచ్చు, రెండోసారి అదే వంట వచ్చినా వడ్డించుకోక తప్పదు. పోలిక పూర్తిగా అతకదని తెలుసు, కానీ ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఈ కోర్సుపై నా ప్రధాన అభ్యంతరం ఇదే. రాష్ట్రపతి పదవిలో అధికారం, పరిమితి అన్నవి రెండు వేర్వేరు పాఠాలు కావు. చాలాచోట్ల ఒకే అధికరణలో, కొన్నిచోట్ల ఒకే వాక్యంలో ఉంటాయి. 352వ అధికరణ తీసుకోండి. కోర్సులో దీన్ని అత్యవసర అధికారాల గడిలో ‘జాతీయ అత్యవసర పరిస్థితి విధిస్తారు, 1962, 1971, 1975’ అని రాయించి వదిలేశారు. కానీ ఆ అధికరణలో నేడు ఉన్న మాటల్లో సగం 1975 అనుభవం నుంచి పుట్టినవే. ఆ ఏడాది జూన్ 25 రాత్రి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రకటనపై సంతకం చేశారు, కేంద్ర కేబినెట్‌కు ఆ సంగతి తెలిసింది మరునాటి ఉదయం. అందుకే 44వ సవరణ కేబినెట్ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేస్తే తప్ప రాష్ట్రపతి ప్రకటన జారీ చేయరాదని రాసింది, ‘అంతర్గత కల్లోలం’ అన్న కారణాన్ని తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అన్న మాట పెట్టింది. అధికారం చెప్పినప్పుడే ఈ కథ కూడా చెబితే పరిమితిని వేరే వీడియోలో కంఠస్థం చేయాల్సిన పని ఉండదు.

యుద్ధ ప్రకటన విషయంలోనూ ఇదే లోపం. ‘సర్వసేనాని కనుక యుద్ధం ప్రకటిస్తారు’ అని నోట్సులో ఒక వాక్యం ఉంది. 53వ అధికరణ సర్వసైన్యాధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తూనే దాని వినియోగాన్ని చట్టం క్రమబద్ధం చేయాలని చెబుతుంది. ఆ సగం వాక్యం నోట్సులో కనపడలేదు.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. తొమ్మిది, పది, పదకొండు వీడియోలు ‘అదనపు వీడియోలు’ అన్న శీర్షిక కింద, యాప్‌లో బాగా కిందికి జరిపితే తప్ప కనపడని చోట ఉన్నాయి. వాటిని చెప్పింది వేరే అధ్యాపకురాలు. గడులు లేవు, జాబితాలు లేవు. సంఘటన చెబుతారు, దాని వెనుక అధికరణను తెరుస్తారు, ఆ తరువాత ‘ఇక్కడ రాష్ట్రపతి ఇంకేం చేయగలిగి ఉండేవారు?’ అని అడిగి అయిదు సెకన్లు ఆగుతారు. నా ఉద్యోగకాలంలో ఇలా ఆగగలిగిన ఉపాధ్యాయులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వీటో, అంటే బిల్లును ఆపే అధికారం గురించి ఆమె చెప్పిన పాఠం ఈ కోర్సు మొత్తానికే విలువైనది. 111వ అధికరణ ప్రకారం బిల్లుకు ఆమోదముద్ర వేయవచ్చు, ఆపవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలనకు పంపవచ్చు. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు, పార్లమెంటు మార్పు లేకుండా మళ్లీ పంపింది, ఆయన సంతకం చేశారు. 1986లో తపాలా సవరణ బిల్లు వచ్చినప్పుడు జ్ఞానీ జైల్ సింగ్ సంతకమూ చేయలేదు, వెనక్కీ పంపలేదు. గడువు ఏదీ రాజ్యాంగంలో లేదు కనుక ఆ బిల్లు ఆయన బల్ల మీదే ఉండిపోయింది. తెరిచి చెప్పిన అధికారాన్ని వాడిన కలాం ఓడిపోయారు, చెప్పకుండా వదిలేసిన ఖాళీని వాడిన జైల్ సింగ్ నెగ్గారు అని ఆమె అన్నప్పుడు నేను వీడియో వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ‘ఓడిపోయారు’ అన్న మాటతో నాకు పూర్తి అంగీకారం లేదు. బిల్లును తిప్పి పంపిన ఆ రెండు నెలల్లో దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది, అది కూడా ఒక ఫలితమే. అయినా అలా విభేదించే అవకాశం ఇచ్చిన పాఠం మంచి పాఠం.

కె.ఆర్. నారాయణన్ ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో, 1998లో బీహార్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న కేబినెట్ సిఫారసులను ఆయన పునఃపరిశీలనకు పంపారు. మొదటి సందర్భంలో గుజ్రాల్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. రెండో సందర్భంలో వాజపేయి ప్రభుత్వం అప్పటికి ఆగి, 1999 ఫిబ్రవరిలో మళ్లీ సిఫారసు చేసింది, అప్పుడాయన సంతకం పెట్టారు. ఒకే మనిషి, ఒకే అధికారం, రెండు రకాల ముగింపు. ఇది విన్నాక ‘రబ్బరు స్టాంపు’ అన్న మాటను మా అమ్మాయి నోట్సులోంచి కొట్టేసింది.

సంజీవరెడ్డిని రెండోసారి తెచ్చినది కూడా ఈ అధ్యాపకురాలే. 1977లో దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురై ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని మొదటి అధ్యాపకుడు చెప్పి వదిలేశారు. ఈమె 1979లోకి తీసుకువెళ్లారు. జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా, సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను పిలవడం, ఆయన లోక్‌సభలో బలం నిరూపించుకోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి సభను రద్దు చేయమనడం, తనకు బలముందని జగ్జీవన్ రామ్ చెబుతున్నా ఆగస్టు 22న రాష్ట్రపతి సభను రద్దు చేయడం. ఎవరికీ స్పష్టమైన బలం లేనప్పుడు ఎవరిని పిలవాలన్నది రాష్ట్రపతికి సలహా ఇచ్చే నాథుడు లేని ప్రశ్న. సభ విశ్వాసం ఎన్నడూ పొందని ప్రధాని ఇచ్చిన సలహాను పాటించాలా అన్నది దానికన్నా కష్టమైనది. ఇల్లూరు నుంచి వచ్చిన మన మనిషి కాబట్టి వెనకేసుకు రావాలని కొందరికి అనిపిస్తుంది. ఆమె అలా చేయలేదు, తప్పుపట్టనూ లేదు, రెండు వాదనలూ బోర్డు మీద రాసి వదిలారు.

పదకొండో వీడియో ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు. 3వ అధికరణ ప్రకారం రాష్ట్రాల విభజన బిల్లును రాష్ట్రపతి సిఫారసు లేకుండా పార్లమెంటులో పెట్టకూడదు, దానికి ముందు ఆయన ఆ బిల్లును సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం గడువు పెట్టి పంపాలి. ప్రణబ్ ముఖర్జీ 2013 డిసెంబరులో ఆరు వారాల గడువు ఇచ్చి జనవరి 23 నాటికి అభిప్రాయం చెప్పమన్నారు, అడిగిన మీదట 30 వరకు వారం పొడిగించారు. సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. 2014 మార్చి 1న ఆయన ఆమోదముద్ర వేశారు, జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. రాష్ట్రపతికి ఇక్కడ గడువును పెంచే వెసులుబాటు ఉంది, సభ అభిప్రాయాన్ని పార్లమెంటు పాటించేలా చేసే శక్తి లేదు. ఆ ఆరు వారాల్లో తెలుగు ఇళ్లలో ఎవరు ఏ పక్షాన వాదించుకున్నా, రాష్ట్రపతి ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్న పాఠాన్ని మనవాళ్లంతా టీవీల ముందు కూర్చుని నేర్చుకున్నారు. పరీక్ష రాసే పిల్లలకు ఆనాటి జ్ఞాపకం లేకపోవచ్చు కనుక ఈ వీడియో అవసరం మరింత. ఇలాంటిదాన్ని ‘అదనపు’ శీర్షిక కింద దాచిపెట్టినవారి తర్కం నాకు అంతుపట్టలేదు.

ఇక పుస్తకం, బిట్ల సంగతి. కాగితం బాగుంది, అచ్చు స్పష్టంగా ఉంది, స్పైరల్ మూడు వారాలకే వంకరపోయింది. తప్పులు మాత్రం చిన్నవి కావు. ద్రవ్య బిల్లును రాష్ట్రపతి పునఃపరిశీలనకు పంపవచ్చునని ఒక బిట్ కీలో ఉంది, పంపకూడదని 111వ అధికరణే చెబుతోంది. రాజ్యాంగ సవరణ బిల్లునూ తిప్పి పంపవచ్చునని మరో కీ. 1971లో వచ్చిన 24వ సవరణ దానికి ఆమోదం తెలపడం తప్పనిసరి చేసింది. రాష్ట్రపతిని తొలగించే మహాభియోగ తీర్మానంలో రాష్ట్ర శాసనసభ్యులు పాల్గొంటారని ఇంకొకటి. రాష్ట్రపతిని ఎన్నుకునే శాసనసభ్యులకు తొలగింపులో పాత్ర లేదు, ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ పార్లమెంటు సభ్యులకు తొలగింపులో పాత్ర ఉంది. పరీక్షకులకు ఎంతో ఇష్టమైన మెలిక ఇది, అలాంటిచోట కీ తప్పితే విద్యార్థి మునిగినట్టే.

నాలుగో తప్పు వేరే రకం. అట్ట మీద ‘2026 తాజా ముద్రణ’ అని స్టిక్కర్ ఉంది. లోపల మాత్రం రాష్ట్రాల నుంచి వచ్చే బిల్లులపై రాష్ట్రపతి మూడు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని నేటికీ అమల్లో ఉన్న నియమంగా రాశారు. ఆ తీర్పు తరువాత మే నెలలో రాష్ట్రపతి 143వ అధికరణ కింద పద్నాలుగు ప్రశ్నలు సుప్రీంకోర్టుకు పంపారు. నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోర్టులు అలాంటి గడువులు విధించలేవని, గడువు దాటితే ఆమోదం లభించినట్టు భావించడం కుదరదని అభిప్రాయం చెప్పింది. కాగితం కొత్తదైనంత మాత్రాన పాఠం కొత్తది కాదు.

క్షమాభిక్షకు నోట్సులో సగం పేజీయే ఇచ్చారు. క్షమ, శిక్ష తగ్గింపు, మార్పిడి, వాయిదా అన్న మాటల తేడాలు సరిగానే ఉన్నాయి. 72వ అధికరణ కింద తీసుకున్న నిర్ణయాన్ని కోర్టు ఏ మేరకు పరిశీలించగలదన్నది లేదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఏపూరు సుధాకర్ కేసులో గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, రాష్ట్రపతికీ వర్తించే సూత్రాలు చెప్పింది. ఒక్క పేరా చాలు, అదీ పెట్టలేదు.

సేవ విషయానికొస్తే, యాప్ బాగా పనిచేస్తోంది. వీడియోలను ఫోన్‌లో దింపుకుని నెట్ లేకుండా చూడవచ్చు. వేగం పెంచుకునే వీలుంది, మొదటి అధ్యాపకుడి జాబితాలకు అది అవసరమే. పుస్తకాలు కొరియర్‌లో అయిదో రోజుకు వచ్చాయి. టెలిగ్రామ్ గ్రూపులో మధ్యాహ్నం అడిగిన సందేహానికి సాధారణంగా సాయంత్రానికల్లా జవాబు వస్తుంది, అయితే జవాబు ఇచ్చేవారు సహాయకులు. కాస్త లోతైన ప్రశ్నకు ‘పుస్తకం 112వ పేజీ చూడండి’ అని వస్తుంది, అమ్మాయికి సందేహం వచ్చిందే ఆ పేజీ చదివాక.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అందులో రెండు ఆ చివరి మూడు వీడియోలకే. ఇప్పటికే కొన్నవారు తొమ్మిదో వీడియోతో మొదలుపెట్టి పదకొండు దాకా చూసి, ఆ తర్వాత ఒకటి, రెండు చూడండి. మూడు నుంచి ఎనిమిది వరకు రాజ్యాంగ ప్రతిని ఒడిలో పెట్టుకుని ఒకటిన్నర వేగంతో వినవచ్చు. కొత్తగా కొనేవారు బిట్ల కోసం మాత్రం కొనవద్దు.

నేను గుర్తించిన నాలుగు తప్పులనూ అధికరణ సంఖ్యలతో సహా సంస్థకు ఈమెయిల్ చేశాను. నాలుగు రోజుల్లో యాప్‌లోని మూడు కీలూ మార్చి, కృతజ్ఞతలు చెబుతూ జవాబిచ్చారు, అది వారి మర్యాద. గడువుల విషయం మాత్రం వచ్చే ముద్రణలో సరిచేస్తామన్నారు. అప్పటిదాకా మా అమ్మాయి 112వ పేజీ మీద ఒక పసుపు చీటీ అతికించి, దాని మీద నవంబరు 20 తేదీ రాసుకుంది.